ఒమేగా-3: అవిసె గింజ చాలునా, చేప కావలసిందేనా?

గుండె జబ్బుల నివారణకు తోడ్పడతాయని పేరుపొందిన ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల కోసం పట్టణాల్లోని వినియోగదారుడు నేడు రెండు వస్తువులలో ఒకదానిని ఎంచుకుంటున్నాడు. మాంసాహారి అయితే మందుల దుకాణంలో చేప నూనె మాత్రలు, శాకాహారి అయితే కిరాణా కొట్టులో అవిసె గింజల పొట్లం. రెండింటిపైనా 'ఒమేగా-3' అన్న ఒకే మాట ముద్రించి ఉండడంతో లోపలి సరుకు కూడా ఒకటేనన్న అభిప్రాయం స్థిరపడింది. వాస్తవానికి అవి వేర్వేరు పదార్థాలు. ఒకటి మరొకటిగా శరీరంలో మారుతుందన్నది నిజమే అయినా, ఆ మార్పు జరిగేది అత్యల్పంగా మాత్రమే.

ఇది కేవలం వైద్యులకు, వారి సలహాలు కొనుక్కోగలిగిన వారికి సంబంధించిన విషయమైతే ఇంతగా చర్చించవలసిన పని లేదు. కానీ భారతదేశం ప్రపంచంలోకెల్లా అత్యధికంగా వంటనూనెలను దిగుమతి చేసుకునే దేశం. 2022-23 నూనెల సంవత్సరంలో సుమారు 165 లక్షల టన్నులు దిగుమతి కాగా, అందుకు లక్ష కోట్ల రూపాయలకు పైగా వెచ్చించవలసి వచ్చింది. ఇందులో సగానికి పైగా పామాయిల్. దానిలో ఒమేగా-3 దాదాపు శూన్యం. మరోవంక, చౌకగా దొరికే చేపలలో ఈ ఆమ్లాలు పుష్కలంగా ఉన్న కవ్వళ్లలో (సార్డైన్) గణనీయమైన భాగం మనుషుల కంచాలకు బదులు దాణా మిల్లులకు చేరుతున్నది. అవిసె గొప్పదా, చేప గొప్పదా అన్న వివాదం వెనుక ఈ రెండు వాస్తవాలు మరుగున పడుతున్నాయి.

మూడు పేర్లు, మూడు పొడవులు

మనిషి శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలు ఉన్నాయని 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలపై జరిపిన పరిశోధనలతో బయటపడింది. కొవ్వును పూర్తిగా తొలగించిన ఆహారం పెట్టగా ఎలుకల చర్మం పొలుసులు కట్టి, పెరుగుదల నిలిచిపోయింది. ఆహారం ద్వారానే లభించవలసిన ఈ ఆమ్లాలను తరువాతి కాలంలో ఒమేగా-6, ఒమేగా-3 అని రెండు కుటుంబాలుగా విభజించారు. కార్బన్ పరమాణువుల గొలుసులో ఒక కొస నుంచి లెక్కించినప్పుడు మొదటి ద్విబంధం మూడవ స్థానంలో ఉంటే ఒమేగా-3, ఆరవ స్థానంలో ఉంటే ఒమేగా-6.

ఒమేగా-3 కుటుంబంలో ముఖ్యమైనవి మూడు. మొక్కలలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఏ.ఎల్.ఏ.). దీని గొలుసులో కార్బన్లు 18. చేపలలో ఉండేవి 20 కార్బన్ల ఈ.పి.ఏ., 22 కార్బన్ల డి.హెచ్.ఏ. మెదడు కణాల పొరలలోను, కంటి రెటీనాలోను పేరుకుని ఉండేది ఈ చివరిదే. రక్తంలోని ట్రైగ్లిజరైడులను తగ్గించే గుణం కూడా పొడవాటి గొలుసు గల ఈ రెండింటిదే.

అవిసె గింజ తిన్నప్పుడు అందులోని 18 కార్బన్ల గొలుసును శరీరం సాగదీసి 20గా, ఆపైన 22గా మార్చుకోవాలి. ఈ పని చేసే ఎంజైములు పరిమితం. పైగా అవే ఎంజైముల కోసం ఒమేగా-6 ఆమ్లం కూడా పోటీ పడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 విస్తారంగా ఉంటుంది కాబట్టి, ఆ నూనెతో వండుకుని, పైన చెంచాడు అవిసె పొడి చల్లుకునే వారి శరీరంలో పోటీ ఏ పక్షానికి అనుకూలిస్తుందో ఊహించవచ్చు. 2002లో బ్రిటన్‌కు చెందిన సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ఫలితాల ప్రకారం, యువకులలో ఏ.ఎల్.ఏ.లో 8 శాతం మాత్రమే ఈ.పి.ఏ.గా మారింది. డి.హెచ్.ఏ.గా మారినది గుర్తించలేనంత స్వల్పం. అదే వయసు స్త్రీలలో ఈ మార్పిడి 21 శాతం, 9 శాతంగా కనిపించింది. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇందుకు కారణమని భావిస్తున్నారు. బిడ్డను మోయవలసిన శరీరానికి ప్రకృతి కొంత వెసులుబాటు కల్పించిందన్నమాట.

ఇంతకూ చేప కూడా ఈ ఆమ్లాలను స్వయంగా తయారు చేసేది తక్కువే. సముద్రంలోని సూక్ష్మమైన నాచు వీటిని తయారు చేస్తుంది. నాచును కవ్వళ్లు తింటాయి, కవ్వళ్లను పెద్ద చేపలు తింటాయి. ఆ విధంగా చూస్తే 'చేప నూనె' కూడా మూలంలో శాకమే. ఈ సంగతికి వాణిజ్యపరమైన ప్రాముఖ్యం ఆలస్యంగా వచ్చింది.

వంటింటి లెక్క

ఏ నూనెలో ఎంత ఉన్నదన్న ప్రశ్నకు సమాధానం తెలుగు వారికి అంత ఉత్సాహం కలిగించదు. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, పామాయిల్, కొబ్బరి - ఈ అయిదింటిలోను ఏ.ఎల్.ఏ. నామమాత్రం. తవుడు నూనెలో ఒక శాతం పరిసరాలలో ఉంటుంది. సోయా నూనెలో 7 శాతం, ఆవనూనెలో సుమారు 10 శాతం. అవిసె నూనెలో మాత్రం సగానికి సగం, అంతకు కొంచెం ఎక్కువే.

రోజుకు 25 గ్రాముల నూనె వాడే వ్యక్తికి అది ఆవనూనె అయితే సుమారు రెండున్నర గ్రాముల ఏ.ఎల్.ఏ. లభిస్తుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం పురుషులకు రోజుకు 1.6 గ్రాములు, స్త్రీలకు 1.1 గ్రాములు చాలు. అంటే ఉత్తర, తూర్పు భారతదేశంలో ఆవనూనెతో వండుకునే కుటుంబం ఆ నూనెతోనే ఈ అవసరాన్ని తీర్చుకుంటున్నది. అదే పరిమాణంలో వేరుశనగ నూనె వాడే గుంటూరు కుటుంబానికిగానీ, పామాయిల్ వాడే ఆదిలాబాద్ కుటుంబానికిగానీ నూనె ద్వారా లభించేది సున్నకు దగ్గర. అయితే వారికి మరో దారి లేకపోలేదు. ఒక పెద్ద చెంచా, అనగా సుమారు 7 గ్రాముల అవిసె పొడిలో 1.6 గ్రాముల ఏ.ఎల్.ఏ. ఉంటుంది. గింజను గింజగానే మింగితే పైపొట్టు జీర్ణం కాక అలాగే బయటికి పోతుంది కనుక దంచి తినవలసిందే. విదర్భలో 'జవస్' చట్నీ, ఉత్తర కర్ణాటకలో 'అగసె' పొడి, తెలంగాణలో అవిసె కారం ఏ పరిశోధనా చదవని గృహిణులు తరతరాలుగా చేస్తున్నవే. (పువ్వులతో కూర వండుకునే అవిసె చెట్టు వేరు, ఈ నూనెగింజ అవిసె వేరు. పేరు ఒకటే కావడంతో కొందరు తికమక పడుతున్నారు.)

తృణధాన్యాలు, పప్పుదినుసులు, ఆకుకూరలలో కంటికి కనబడకుండా ఉండే కొవ్వును కూడా లెక్కలోకి తీసుకోవాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సుదీర్ఘకాలం కొవ్వు పదార్థాలపై పరిశోధన చేసిన డాక్టర్ గఫూరున్నీసా తమ పత్రాలలో వివరించారు. మినుములలో కొవ్వు తక్కువే అయినా అందులో ఏ.ఎల్.ఏ. వాటా హెచ్చు. మెంతికూర, గంగవాయిలి కూర కూడా ఈ కోవలోనివే. ఒకే నూనెకు అంటిపెట్టుకోకుండా రెండు మూడు రకాలు మార్చి వాడడం మేలన్న సలహా ఈ సంస్థ మార్గదర్శకాలలో చోటుచేసుకున్నది.

ఇక చేపల విషయం. పెద్దలకు రోజుకు ఈ.పి.ఏ., డి.హెచ్.ఏ. రెండూ కలిపి 250 మిల్లీగ్రాములు, గర్భిణులకు 300 మిల్లీగ్రాములు ఉండాలని, గర్భిణుల విషయంలో అందులో కనీసం 200 డి.హెచ్.ఏ. కావాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల నివేదిక 2010లో నిర్దేశించింది. 100 గ్రాముల కవ్వళ్లలో ఇవి ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల వరకు ఉంటాయి. రుతువును బట్టి హెచ్చుతగ్గులు సహజం. సాధారణంగా అమ్మే వెయ్యి మిల్లీగ్రాముల చేప నూనె మాత్రలో నిజంగా ఉండేది 180 మిల్లీగ్రాముల ఈ.పి.ఏ., 120 మిల్లీగ్రాముల డి.హెచ్.ఏ. మాత్రమే, మిగిలినది ఇతర కొవ్వు. అనగా 100 గ్రాముల కవ్వళ్లు మూడు నుంచి అయిదు మాత్రలకు సమానం. కవ్వళ్లు చిన్నవి, అల్పాయుష్కులు కావడంతో సొర వంటి పెద్ద చేపలలో పేరుకునే పాదరసం బెడద కూడా వీటిలో తక్కువ. పులుసు పెట్టుకుంటే ఈ నూనె చాలావరకు గిన్నెలోనే మిగులుతుంది. మరిగే నూనెలో ముంచి వేయిస్తే కొంత బయటికి పోయి, ఆ స్థానంలో వంటనూనె చేరుతుంది.

అన్ని చేపలూ ఒకటి కావన్నది ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినంత వరకు ముఖ్యమైన విషయం. దేశ చేపల ఉత్పత్తిలో నాలుగో వంతుకు పైగా ఈ రాష్ట్రానిదే. కానీ కొల్లేరు పరిసరాల చెరువులలో తవుడు, వేరుశనగ చెక్క తిని పెరిగే బొచ్చె, శీలావతి చేపలలో కొవ్వే తక్కువ, అందులో డి.హెచ్.ఏ. మరీ తక్కువ. మాంసకృత్తులకు అవి మంచి ఆధారం, ఒమేగా-3కి కాదు. పులసలో నూనె దండిగా ఉన్నా, పుస్తెలు తాకట్టు పెట్టి తినవలసిన చేపను పోషకాహార ప్రణాళికలలో చేర్చడం సాధ్యం కాదు. బెంగాలీలు ఇదే చేపను ఆవాల ముద్దతో, ఆవనూనెతో వండుకుంటారు. మొక్క నుంచి రావలసినదీ, చేప నుంచి రావలసినదీ ఒకే గిన్నెలో కలిసే వంటకం దేశంలో బహుశా అదొక్కటే కావచ్చు.

గుండె పరిశోధనలు ఏమి తేల్చాయి?

చేప నూనెకు ఇంతటి ప్రతిష్ఠ తెచ్చినవారు డెన్మార్క్ వైద్యులు బాంగ్, డయర్‌బర్గ్. గ్రీన్‌లాండ్‌లో సీల్, చేప మాంసంతో జీవించే ఇన్యుయిట్ తెగవారి రక్తాన్ని 1970లలో పరీక్షించి, వారిలో గుండె జబ్బులు అరుదుగా ఉండడానికి సముద్రపు కొవ్వే కారణమని వారు సూచించారు. నాలుగు దశాబ్దాల తరువాత, 2014లో కెనడా పరిశోధకులు ఆ పత్రాలను తిరగదోడగా, అసలు ఆ తెగలో గుండె జబ్బులు తక్కువన్న మాటకే గట్టి ఆధారం లేదని తేలింది. ఈలోగా మాత్రల పరిశ్రమ వేళ్లూనుకున్నది.

ఇటలీలో గుండెపోటు నుంచి కోలుకున్న 11,324 మందిపై జరిపి 1999లో వెల్లడించిన అధ్యయనం రోజుకు ఒక గ్రాము చేప ఆమ్లాలతో మరణాలు తగ్గుతాయని చెప్పింది. నేటి శక్తివంతమైన కొలెస్ట్రాల్ మందులు అప్పటికి విస్తృత వాడుకలోకి రాలేదు. అవి వచ్చిన తరువాత జరిగిన పరీక్షలలో ఫలితాలు తారుమారయ్యాయి. 2018లో అమెరికాలో 25,871 మంది ఆరోగ్యవంతులపై జరిపిన 'వైటల్' అధ్యయనం, బ్రిటన్‌లో 15,480 మంది మధుమేహ రోగులపై జరిపిన 'అసెండ్' అధ్యయనం రెండూ గుండె జబ్బులు, పక్షవాతం వంటి ప్రధాన ముప్పుల నివారణలో మాత్రల వల్ల చెప్పుకోదగిన తేడా లేదన్నాయి. ఆ ఏడాదే వెలువడిన 'రెడ్యూస్-ఇట్' అధ్యయనంలో రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఈ.పి.ఏ. వాడిన వారిలో ముప్పు 25 శాతం తగ్గినా, పోలిక కోసం రెండవ బృందానికి ఇచ్చిన మినరల్ ఆయిల్ హాని చేసి ఉండవచ్చన్న వివాదం నేటికీ తెగలేదు. 2020లో 'స్ట్రెంగ్త్' పరీక్షను ప్రయోజనం కనిపించక మధ్యలోనే నిలిపివేశారు. పెద్ద మోతాదులు గుండె లయ తప్పే జబ్బును కొంత పెంచుతాయన్న సంగతి కూడా ఈ పరీక్షలలోనే బయటపడింది.

మొక్క, చేప రెండింటినీ నేరుగా పోటీకి నిలిపిన పరీక్షలు చాలా తక్కువ. నెదర్లాండ్స్‌లో 'ఆల్ఫా ఒమేగా' పేరుతో గుండెపోటు వచ్చిన 4,837 మంది వృద్ధులకు సుమారు 40 నెలలపాటు రొట్టెపై రాసుకునే మార్గరిన్‌లో కలిపి కొందరికి 400 మిల్లీగ్రాముల చేప ఆమ్లాలు, కొందరికి 2 గ్రాముల ఏ.ఎల్.ఏ., కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేకుండా ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితాలలో ఈ నాలుగు వర్గాల మధ్య ప్రధానమైన తేడా లేదు. అందరూ అప్పటికే మంచి మందులు వాడుతున్నవారు కావడం ఇందుకు ఒక కారణం.

భారతదేశంలోనూ ఇటువంటి పోటీ ఒకటి జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో గుండెపోటు రోగులను మూడు బృందాలుగా చేసి ఒకదానికి చేప నూనె, మరొకదానికి ఆవనూనె ఇచ్చిన ఈ అధ్యయనం 1997లో ప్రచురితమైంది. ఏడాదిలో గుండెకు సంబంధించిన సంఘటనలు చేప నూనె వర్గంలో 24.5 శాతం, ఆవనూనె వర్గంలో 28 శాతం, ఏదీ పొందని వర్గంలో 34.7 శాతం అని అందులో పేర్కొన్నారు. ఆవనూనె చేపకు దాదాపు సరితూగుతుందన్న ఈ ఫలితాన్ని దేశంలో ఎందరో ఉదహరించారు. అయితే అదే వైద్యుడు ప్రధాన రచయితగా వెలువడిన ఇతర పత్రాల విశ్వసనీయతపై రెండు ప్రముఖ బ్రిటిష్ వైద్య పత్రికలు 2005లో బహిరంగంగా సందేహం వ్యక్తం చేశాయి. దానితో ఈ పత్రాన్ని ఆధారంగా తీసుకోవడానికి పరిశోధకులు వెనుకాడుతున్నారు. కోట్లాది కుటుంబాలు నిత్యం వాడే నూనెపై దేశంలో అటువంటి పరీక్షను స్వతంత్రంగా, పెద్ద ఎత్తున మళ్లీ జరపకపోవడం శోచనీయం.

86 పరీక్షలను, లక్షా 62 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలను క్రోడీకరించిన కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష కూడా ఏ పక్షానికీ ఘన విజయం ఇవ్వలేదు. చేప ఆమ్లాల వల్ల గుండె జబ్బుల మరణాలు స్వల్పంగా తగ్గవచ్చునని, ఏ.ఎల్.ఏ. వల్ల కూడా లాభం కొద్దిపాటిదేనని చెప్పింది. ఇవన్నీ ప్రధానంగా మాత్రలపై, అదనపు మోతాదులపై జరిగిన పరీక్షలన్నది మరువరాదు. మాంసానికో, వేపుళ్లకో బదులు చేప తినే అలవాటు వేరు, అన్నీ తింటూ పైన మాత్ర మింగడం వేరు.

ఆవాలు వెనక్కి, పామాయిల్ ముందుకు

1986లో ప్రారంభమైన నూనెగింజల సాంకేతిక మిషన్ ఫలితంగా 1990ల ఆరంభంలో దేశం వంటనూనెలలో దాదాపు స్వయంసమృద్ధి సాధించింది. రాజస్థాన్, హర్యానా ఆవ పొలాలు ఈ విజయంలో ముఖ్యపాత్ర వహించాయి. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో ప్రైవేటు వర్తకులకు అనుమతించారు. ఆ సుంకం ఏటేటా తగ్గుతూ 1998 నాటికి 15 శాతానికి దిగింది.

సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులో ఢిల్లీలో ఒళ్లు నీరు పట్టే 'డ్రాప్సీ' వ్యాధి విరుచుకుపడింది. ఆవనూనెలో ఆర్జిమోన్ అనే ముళ్ల కలుపు మొక్క గింజల నూనె కల్తీ కావడమే ఇందుకు కారణమని తేలింది. 60 మందికి పైగా మరణించారు, వేలాదిమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆవనూనె విడి అమ్మకాలను నిషేధించారు. కల్తీదారుల నేరానికి శిక్ష గానుగల వారికి, చిన్న మిల్లులకు పడింది. ప్యాకెట్లలో వచ్చే దిగుమతి నూనెలకు మార్కెట్ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. నాటి నుంచి ఆవనూనె తిరిగి కోలుకున్నా, పెరిగిన గిరాకీలో సింహభాగం పామాయిల్‌కే దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌకధరల దుకాణాలు పామోలిన్‌ను ఇంటింటికీ అలవాటు చేశాయి. దేశీయంగా పండే పామాయిల్‌లో దాదాపు మొత్తం నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. 2021లో 11,040 కోట్ల రూపాయలతో కేంద్రం చేపట్టిన ఆయిల్‌పామ్ మిషన్ దీనిని ఇంకా విస్తరించనున్నది. ఎకరాకు వచ్చే నూనె దిగుబడిలో ఆయిల్‌పామ్‌కు సాటి లేదన్న మాట వాస్తవమే. దిగుమతుల బిల్లు తగ్గించే దృష్టితో చూస్తే ఆ విధానాన్ని తప్పుపట్టలేము. కానీ ఆ బిల్లులో ఒమేగా-3కి పద్దు లేదు.

అవిసె పరిస్థితి మరింత దయనీయం. 1970ల తొలి సంవత్సరాలలో 20 లక్షల హెక్టార్లకు చేరువలో ఉన్న సాగు 2010ల నాటికి 3 లక్షల హెక్టార్ల పరిసరాలకు పడిపోయింది. అవిసె నూనెను దేశం ప్రధానంగా రంగుల పరిశ్రమకే వాడింది. గాలి తగలగానే గట్టిపడి పొరకట్టే గుణం రంగులకు అవసరం. ఆ గుణానికి కారణం ఏ.ఎల్.ఏ.యే. అదే గుణం వల్ల వంటనూనెగా అది త్వరగా ముక్కిపోతుంది, వేపుళ్లకు పనికిరాదు. నీటితో కలిపే రంగులు వచ్చాక పరిశ్రమకు దీని అవసరం తగ్గింది. మిగిలిన సాగు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, జార్ఖండ్ ప్రాంతాల్లో వర్షాధారంగా జరుగుతున్నది. వరి కోతకు ముందే నిలువు పైరులో విత్తనం చల్లే పద్ధతి అక్కడ వాడుకలో ఉన్నది, మన డెల్టా మాగాణుల్లో మినుములు చల్లినట్లుగానే. ఎరువు లేదు, నీరు లేదు, అందువల్ల దిగుబడీ లేదు. 2024లో ఆమోదించిన నూనెగింజల జాతీయ మిషన్ ప్రధాన పంటలుగా ప్రకటించిన ఆవాలు, వేరుశనగ, సోయా, పొద్దుతిరుగుడు, నువ్వుల వరుసలో అవిసె లేదు.

కవ్వళ్లు ఎక్కడికి పోతున్నాయి?

కేరళలో మత్తి, చాళ అని పిలిచే నూనె కవ్వళ్లు పశ్చిమ తీరపు పేదవాని చేప. ఈ చేపను ఆహారంగా కాక ముడిసరుకుగా చూడడం కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ హయాంలో, 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో, మలబారు తీరాన కవ్వళ్లను ఉడికించి నూనె తీసి, పిప్పిని తోటలకు ఎరువుగా అమ్మే కుటీర పరిశ్రమ వర్ధిల్లింది.

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2012లో కేరళలో దాదాపు 4 లక్షల టన్నుల కవ్వళ్లు దొరికాయి. 2021లో దొరికినవి 3,297 టన్నులు మాత్రమే. సముద్రపు వేడిమి, ఎల్ నినో ప్రభావం, ఎదగని పిల్లలను సైతం ఊడ్చివేసే వలలు ఇందుకు కారణాలుగా గుర్తించారు. 10 సెంటీమీటర్ల కంటే చిన్న కవ్వలను పట్టరాదని కేరళ నిబంధన విధించింది. తరువాతి ఏళ్లలో పట్టు తిరిగి లక్ష టన్నులు దాటింది. ఈ చేప సహజంగానే ఒక ఏడాది పోటెత్తి మరొక ఏడాది కనుమరుగయ్యే స్వభావం గలది. దొరికినప్పుడు గుట్టలుగా దొరుకుతుంది, ధర పడిపోతుంది, శీతల గిడ్డంగులు లేని రేవులలో గంటల్లో పాడవుతుంది. అప్పుడు లారీలతో సిద్ధంగా ఉండేవి కర్ణాటక, గోవా తీరాలలోని చేప పొడి, చేప నూనె కర్మాగారాలు.

ఆ పొడి, నూనెలలో కొంత విదేశాలకు పోతుంది, కొంత రొయ్యల దాణాలో కలుస్తుంది. రొయ్య తనకు కావలసినంత ఈ.పి.ఏ., డి.హెచ్.ఏ. తయారు చేసుకోలేదు, దాణా ద్వారా అందించవలసిందే. దేశంలో పెంచే రొయ్యలలో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్ చెరువులలోనివే. వాటిలో అత్యధిక భాగం ఎగుమతి అవుతున్నది. రొయ్యలో కొవ్వు తక్కువ కనుక తిన్న ఒమేగా-3లో అధిక భాగాన్ని అది మనిషికి తిరిగి ఇవ్వలేదు. మలబారులో కిలోల లెక్కన దొరికే ఆమ్లం భీమవరం చెరువుల మీదుగా అమెరికాకు గ్రాముల లెక్కన చేరుతున్నదన్నమాట. విదేశీ మారకద్రవ్యం రీత్యా ఇది లాభమే. రైతుకూ ఉపాధే. నష్టం ఏ పద్దులోనూ నమోదు కాదు.

ప్రపంచవ్యాప్తంగానూ పరిస్థితి ఇదే. చేప నూనెకు పెద్ద ఆధారమైన పెరూ దేశపు ఆంకొవీ వేటను 2023లో ఎల్ నినో కారణంగా మొదటి సీజనులో రద్దు చేయగా నూనె ధరలు రికార్డు స్థాయికి చేరాయి. పెంపకపు సాల్మన్ చేపల దాణాలో చేప నూనె స్థానంలో మొక్కల నూనెలు పెరగడంతో, వాటిలోని ఈ.పి.ఏ., డి.హెచ్.ఏ. 2006, 2015 సంవత్సరాల మధ్య సగానికి పడిపోయాయని స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం వెల్లడించింది. చేపకు అవిసె పెట్టినా, మనిషికి అవిసె పెట్టినా ఫలితంలో పోలిక ఉన్నదన్నమాట.

దీనితో పరిశ్రమ నాచు వైపు తిరిగింది. తొట్లలో పెంచిన నాచు నుంచి తీసిన డి.హెచ్.ఏ.కు అమెరికాలో 2001లో అనుమతి లభించింది, మరుసటి ఏడాదే అది పసిపిల్లల పాలపొడిలో చేరింది. 2018లో ఆస్ట్రేలియా ఆమోదించిన జన్యుమార్పిడి కనోలా నాచు జన్యువులతో డి.హెచ్.ఏ.ను నేరుగా గింజలో తయారు చేస్తుంది. శాకాహారికి చేపతో పనిలేని మార్గం తెరుచుకున్నది గానీ, ప్రస్తుతానికి అది సామాన్యుని ధరలో లేదు.

ఈ ఆమ్లాల ఉపయోగంపై వివాదం తక్కువగా ఉన్న చోటు గర్భిణుల ఆరోగ్యం. సుమారు 20 వేల మంది స్త్రీల వివరాలతో 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, చేప ఆమ్లాలు తీసుకున్నవారిలో నెలలు నిండకుండా జరిగే కాన్పులు 13.4 శాతం నుంచి 11.9 శాతానికి తగ్గాయి. 34 వారాల లోపు కాన్పులు 4.6 నుంచి 2.7 శాతానికి తగ్గాయి. భారతదేశంలో అవసరం ఎక్కువ ఉన్నవారికే అందుబాటు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అప్పుడప్పుడైనా చేపో మాంసమో తినే పురుషులు 83.4 శాతం కాగా, స్త్రీలు 70.6 శాతమే. ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఇచ్చే మాత్రలు ఐరన్, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం వరకే.

అంగన్‌వాడీ కేంద్రాలలో తెలుగు రాష్ట్రాలు రెండూ గర్భిణులకు గుడ్డు ఇస్తున్నాయి. సాధారణ గుడ్డులో డి.హెచ్.ఏ. కొన్ని పదుల మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. అయితే ఏ.ఎల్.ఏ.ను డి.హెచ్.ఏ.గా మార్చే పనిలో కోడి మనిషి కంటే నేర్పరి. దాణాలో అవిసె గింజ కలిపితే పచ్చసొనలో డి.హెచ్.ఏ. వంద మిల్లీగ్రాములకు పైబడుతుంది. నగరాలలో 'ఒమేగా గుడ్లు' పేరిట హెచ్చు ధరకు అమ్ముతున్నవి ఇవే. దేశంలో అత్యధికంగా గుడ్లు ఉత్పత్తి చేసే ఆంధ్రప్రదేశ్‌లోని కోళ్లఫారాలు మాత్రం మొక్కజొన్న, సోయా చెక్కపైనే ఆధారపడుతున్నాయి. వాటికి అవిసె కలపాలంటే ముందు అవిసె పండాలి.